పేటెంట్ చట్టం లోతుగ చదవాలనున్నది: వరంగల్‌ల ఉండి ఎక్కడ మొదలుపెట్టాలె, మన దిక్కు జనానికి ఏం అక్కరకొస్తది?

సుబేదారి_ఎల్‌ఎల్‌బీ (ప్రశ్న)

అందరికీ నమస్తే. బీఎస్సీ ఎంపీసీ అయిపోయినంక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీల చేరిన, ఇప్పుడు రెండో ఏడు. క్లాసుల కాపీరైట్, ట్రేడ్‌మార్క్, పేటెంట్ అన్నీ ఒక్క దగ్గర కలిపి చెప్తరు. పేటెంట్ వంతు నాలుగు సెక్షన్లు, రెండు కేసులతోని ఒడుస్తది. నాకు దాన్నే లోతుగ చదవాలనున్నది.

నా బీఎస్సీతోని పేటెంట్ ఏజెంట్ (ఇంకొకరి తరఫున పేటెంట్ దరఖాస్తు వేసి నడిపేటోడు) పరీక్ష రాయొచ్చా? హన్మకొండల ఉండుకుంటనే చదవాల్నంటె ఏ వరుసల చదవాలె? ఇంకోటి, ఇంట్ల వాళ్లు అడిగేది: ఈ చట్టం మందుల కంపెనీలకే గాని మిర్చి, పత్తి, పసుపు పండించెటోళ్లకు, మగ్గం నేసెటోళ్లకు, వెల్డింగ్ షెడ్ల పనిచేసెటోళ్లకు ఏమన్న పనికొస్తదా?

ఒక ఉదాహరణ ముందర పెడుత. పరకాల దిక్కు షెడ్డు నడిపే ఒకాయన, వంగకుండ నిలబడి పత్తి గింజలు పెట్టే పైపు పరికరం చేసిండు. రెండు నెలల కింద వీడియో తీసి యూట్యూబ్‌ల పెట్టిండు. ఇప్పుడు పేటెంట్ తీసుకోవచ్చా అని అడుగుతున్నడు. ఏం చెప్పాలె?

ఏజెంట్_కాజీపేట

ముందు అర్హత సంగతి తేల్చుకో తమ్మీ. పేటెంట్ల చట్టం 126వ సెక్షన్ ప్రకారం భారత పౌరుడై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉండాలి, అర్హత పరీక్ష పాస్ కావాలి. నీ బీఎస్సీ సరిపోతుంది. ఎల్‌ఎల్‌బీ లేకున్నా ఏజెంట్ కావచ్చు. బీకాం చదివి ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్లకు ఈ పరీక్ష దారి లేదు, లాయర్‌గా కోర్టులో పేటెంట్ కేసులు వాదించుకోవచ్చు. చాలామంది ఇది తెలియక కోచింగ్‌కు డబ్బులు కట్టి, దరఖాస్తు దగ్గర ఆగిపోతారు.

పరీక్షలో మూడు భాగాలు. మొదటి పేపర్ చట్టం, రూల్స్ మీద 100 మార్కులు. రెండో పేపర్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను పూర్తిగా వర్ణించే పత్రం) రాయడం, చదివి అర్థం చెప్పడం, ఇంకో 100. ఆ తర్వాత మౌఖికం 50. రెండు పేపర్లలో ఒక్కోదాంట్లో కనీసం 50 రావాలి, అన్నీ కలిపి 60 శాతం దాటాలి. పరీక్ష ప్రతి ఏడూ జరగదు. అందుకే నోటిఫికేషన్ వచ్చినప్పుడు చదువుదామని కూర్చుంటే అందదు. మొదటి పేపర్‌ను చట్టం పుస్తకం కంఠస్థం చేసి గట్టెక్కొచ్చు. ఎక్కువమంది తప్పేది రెండో పేపర్‌లో. ఇచ్చిన వస్తువు వర్ణన చదివి, మూడు గంటల్లో క్లెయిమ్‌లు (హక్కు సరిగ్గా దేని మీద కావాలో చెప్పే వాక్యాలు) రాయమంటే చెయ్యి ఆడదు. క్లెయిమ్ రాయడం ఈత లాంటిది, చదివితే రాదు.

ఇక వరుస. చట్టాన్ని 1వ సెక్షన్ నుంచి 163 దాకా ఏకబిగిన చదవకు. ముందు 2(1)(జె), 2(1)(జెఎ) చదువు. ఏది ఆవిష్కరణ, ఏది ముందడుగు అన్నది అక్కడుంది. తర్వాత 3వ సెక్షన్, అంటే పేటెంట్ ఇవ్వకూడనివి. దాన్ని వదలకుండా నోటికి రావాలి. తర్వాత 9, 10 (స్పెసిఫికేషన్), 11ఎ, 11బి (ప్రచురణ, పరీక్ష), 25 (అభ్యంతరం), 64 (రద్దు), 84 (బలవంతపు లైసెన్స్, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా ఇంకొకరికి తయారీ అనుమతి), 107ఎ (ఉల్లంఘన కిందికి రాని పనులు). ఈ ఎముకలు నిలబడ్డాక మిగతాది తొందరగా పడుతుంది. రూల్స్ 2024 మార్చిలో బాగా మారాయి. పాత గైడ్లలో దరఖాస్తును పరీక్షించమని పేటెంట్ ఆఫీసును కోరడానికి 48 నెలలు అని ఉంటుంది. ఇప్పుడు 31 నెలలు. ఆ ఒక్క అంకె చూస్తే నీ చేతిలో ఉన్న పుస్తకం ఎంత పాతదో తెలుస్తుంది.

కోర్సుల్లో ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఇంజనీర్లు, సైంటిస్టుల కోసం చేసిన పేటెంట్ చట్టం కోర్సు 12 వారాలది, వినడానికి డబ్బులక్కర్లేదు. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) అకాడమీ డీఎల్-101 కూడా ఉచితమే, కానీ అది అన్ని మేధో హక్కుల పరిచయం మాత్రమే. హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ దూరవిద్యలో పేటెంట్ చట్టం మీద ఏడాది పీజీ డిప్లొమా ఉంది. సర్టిఫికెట్ కావాలంటే చెయ్యి. పని రావాలంటే మాత్రం కింద ఎవరైనా ఫైళ్లు చదవడం గురించి రాస్తారు చూడు, అది చెయ్యి.

కొలువు మాట కూడా చెప్పాలి. పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ పోస్టు గ్రూప్-ఎ, మూల వేతనం 56,100. కానీ దానికి బీఎస్సీ చాలదు, సైన్స్ వాళ్లకు పీజీ ఉండాలి. కెమిస్ట్రీ మీద మనసుంటే ఎమ్మెస్సీ ఆలోచించు. మన రాష్ట్రంలో వచ్చే పేటెంట్ పనిలో మందులు, రసాయనాలే పెద్ద వాటా.

డ్రాఫ్టింగ్_డెస్క్

ఫైళ్ల గురించి నేను రాస్త.

పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌ల ఇన్‌పాస్ అని సెర్చ్ ఉంటది. దాంట్ల ఏదన్న ఒక మంజూరైన చిన్న యంత్రం ఫైలు తెరువు. మందులతోని మొదలుపెట్టకు, కళ్లు తిరుగుతయి. గింజలు పెట్టే చేతి పనిముట్లు అంతర్జాతీయ వర్గీకరణల ఎ01సి 7/02 కింద ఉంటయి, గుంతలు చేసే చేతి పనిముట్లు ఎ01సి 5/02 కింద. మాటలతోని వెతికితే ఒకరు డిబ్లర్ అంటరు, ఒకరు ప్లాంటర్ అంటరు, ఒకరు సీడింగ్ డివైస్ అంటరు, సగం దొరకయి. వర్గం నంబరుతోని వెతికితే పేరేదైనా బయటపడ్తది.

ఫైల్ల మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకో: మొదట దాఖలు చేసిన క్లెయిమ్‌లు, ఎగ్జామినర్ పంపిన మొదటి పరీక్షా నివేదిక (అందరు ఎఫ్‌ఈఆర్ అంటరు), ఆఖరికి మంజూరైన క్లెయిమ్‌లు. మొదటి దానికీ ఆఖరి దానికీ నడుమ ఏ పదాలు చేరినయో ఎర్ర పెన్నుతోని గీతలు పెట్టు. ఆ చేరిన పదాలే ఆ పేటెంట్ బతికిన కారణం. గిట్ల 20 ఫైళ్లు చదివితే ఏ కోర్సూ నేర్పనిది చేతికొస్తది.

ఇప్పుడు పరకాల పైపు సంగతి. రెండు ముక్కలు చేసి చూడాలె: తేదీ ఒకటి, లోపలి పనితనం ఒకటి.

తేదీ: దరఖాస్తు వేసే ముందే లోకానికి తెలిసినది కొత్తది కాదు. యూట్యూబ్ వీడియో బయటపెట్టినట్టే లెక్క. సొంత వీడియో కదా, పర్వాలేదనుకుంటరు. మన చట్టంల 31వ సెక్షన్ కింద 12 నెలల మినహాయింపు ఉన్నది గాని, అది ప్రభుత్వం గెజిట్‌ల నోటిఫై చేసిన ప్రదర్శనకు, విద్వత్ సభల చదివిన పత్రానికి వర్తిస్తది. యూట్యూబ్‌కు, వాట్సాప్ గ్రూపుకు, కాలేజీ టెక్ ఫెస్ట్‌కు వర్తించది. అయితే వీడియో ఏం చూపించింది అన్నది ముఖ్యం. చేన్ల నడుస్తూ పైపు గుచ్చుతున్నట్టు మాత్రమే ఉంటే, లోపల గింజ ఎట్ల ఒక్కొక్కటే పడ్తదో చూసినోళ్లకు తెలువదు. విప్పి ముక్కలు చూపిస్తే ఆ ముక్కలు పోయినట్టే. కాబట్టి మొదటి పని, వీడియోను యూట్యూబ్ నుంచి తీసేయకుండ, మార్చకుండ, సెకను సెకను చూసి ఏం కనబడ్తుందో రాసుకోవాలె. తీసేస్తే తప్పు దాగదు. ఎగ్జామినరో, పోటీవాడో కాపీ దొరకబట్టగలడు.

లోపలి పనితనం: ఇసొంటి పరికరాలన్నిటికీ ఒక్క జబ్బు ఉంటది. వాన పడ్డ నల్లరేగడిల గుచ్చితే కింది ముక్కుల మట్టి ఇరుక్కుంటది, నాలుగో గుంతకు గింజ పడదు, రైతు పుల్లతోని గీకుతడు. షెడ్డాయన దీనికి ఏమన్న ఉపాయం చేసి, అది వీడియోల లేకపోతే, పేటెంట్ ఆ ఉపాయానికి అడగాలె. పైపుకు కాదు.

ఒక పోలిక చూపిస్త. చాలామంది మొదట రాసేది:

"నిలబడి పత్తి గింజలు నాటడానికి వీలైన, తక్కువ ఖర్చుతో, నడుం నొప్పి లేకుండా చేసే పరికరం."

ఇది క్లెయిమ్ కాదు, ప్రచార కరపత్రం. ఏ భాగం లేదు, ఏది దేనికి అతుక్కుందో లేదు. ఫలితం చెప్పింది గాని, ఫలితం ఎట్ల వస్తుందో చెప్పలే. అదే క్లెయిమ్ ఇట్ల ఉండాలె:

"గింజలు నాటే చేతి పరికరం, అందులో నిలువు గొట్టం (1), గొట్టం పై భాగానికి అమర్చిన గింజల డబ్బా (2), డబ్బా అడుగున, ఒక నొక్కుకు ఒక్క గింజనే పట్టేలా గుంట ఉన్న జారుడు పలక (3), గొట్టం కింది కొనకు కీలుతో బిగించిన రెండు రెక్కల ముక్కు (4), గొట్టం పక్కన, నేలకు తగిలినప్పుడు పైకి కదిలి రెక్కలను తెరిచే కాలిపట్టీ (5) ఉండి, కాలిపట్టీకి స్ప్రింగు ద్వారా అతికించిన గీకుడు పలక (6), పట్టీ కిందికి తిరిగి వచ్చే కదలికతోనే రెక్కల లోపలి గోడను గీకేలా అమరి ఉండటం దీని ప్రత్యేకత."

ఒకే వాక్యం. ప్రతి భాగానికి నంబరు, ఆ నంబరు బొమ్మల ఉండాలె. "ఉండి" అన్న మాటకు ముందున్నవన్నీ పాత పరికరాలల్ల ఉన్నవే, తర్వాతదే కొత్తది. ఇంక దీంట్ల తీసేయాల్సినది కూడ ఉన్నది చూడు: డబ్బా పై భాగాన్నే ఉండాలె అని రాసినం. ఎవరన్న డబ్బాను నడుముకు కట్టుకొని గొట్టంతోని కలిపితే ఈ క్లెయిమ్‌ల పడడు, దర్జాగ అమ్ముకుంటడు. డబ్బా ఎక్కడున్నదన్నది మన ఉపాయానికి అక్కర లేదు, కాబట్టి "గొట్టానికి గింజలు అందించే డబ్బా" అని రాస్తే చాలు. గీకుడు పలక మాత్రం ఒక్క పదం కూడ వదలొద్దు. ఎక్కువ భాగాలు రాస్తే హక్కు పెద్దగయితదని అందరు అనుకుంటరు, ఒక్కో భాగం చేరిన కొద్దీ హక్కు చిన్నగయితది.

ఖర్చు: వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌ల దాఖలు 1,600, పరీక్ష కోరే ఫామ్ 18కి 4,000. పెద్ద కంపెనీకైతే అవే 8,000, 20,000. 30 పేజీలు దాటితే పేజీకి 160, 10 క్లెయిమ్‌లు దాటితే ఒక్కోదానికి 320. డిజిటల్ సంతకం కావాలె. ఏజెంట్ ఫీజు వేరే. ఏజెంట్ లేకుండ కూడ వేసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటది. తిప్పలయ్యేది భాషతోనే: దరఖాస్తు హిందీల గాని ఇంగ్లీషుల గాని ఉండాలె, తెలుగుల తీసుకోరు. పరకాలల ఒక మనిషి చేతుల ఉన్న పనిని ఆ భాషలకు చెడకుండ దాటించేటోళ్లు మన దిక్కు కావాలె. నువ్వు చదివి అక్కరకొచ్చేది ముందుగాల ఇక్కడనే.

న్యాయబోధన_హన్మకొండ

పైవారు చెప్పింది పని నేర్చుకునే దారి. ఇంట్లోవాళ్ల ప్రశ్నకు, అంటే సమాజానికి దీంతో ఏం పని అన్నదానికి నేను జవాబు చెబుతాను. అది చరిత్రలోంచి చూడాలి.

బ్రిటిష్ వాళ్ల 1911 చట్టం స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం నడిచింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970 చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. మందులకు, ఆహారానికి, వస్తువు మీద కాకుండా తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఇచ్చారు. అదీ తక్కువ కాలానికి. అదే మందును వేరే పద్ధతిలో తయారు చేస్తే తప్పు కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమ పెరగడానికి ఈ సందు పెద్ద కారణం. డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందం వల్ల 2005 జనవరి 1 నుంచి మందు మీదే పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ సవరణలోనే 3(డి) ఇప్పుడున్న రూపానికి వచ్చింది: తెలిసిన పదార్థానికి కొత్త రూపం తెస్తే చాలదు, ఆ రూపం ముందు తెలిసినదానికంటే మెరుగైన ఫలితం ఇవ్వాలి.

విద్యార్థిగా మూడు కేసులు పూర్తిగా, తీర్పు మొదటి పేజీ నుంచి చదవండి.

నోవార్టిస్, సుప్రీంకోర్టు, 2013 ఏప్రిల్ 1. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ (ఇమాటినిబ్ మెసిలేట్) బీటా స్ఫటిక రూపం. కోర్టు 3(డి)లోని ఫలితం అంటే రోగి మీద చికిత్సా ఫలితమేనని చెప్పింది. పొడి బాగా జారడం, నిల్వ బాగా ఉండటం లెక్కలోకి రావు అంది. పరీక్షల కోసం చదివేవాళ్లు "3(డి)లో ఓడిపోయింది" అని రాసి ముగిస్తారు. అసలు పాఠం తీర్పు మొదటి సగంలో ఉంది. ఇమాటినిబ్ మీద అంతకుముందే ఉన్న జిమర్‌మన్ పేటెంట్‌లోనే మెసిలేట్ ఉన్నదా లేదా అన్న చర్చ అది. క్లెయిమ్ ఎంత దూరం పాకితే, వెల్లడి కూడా అంత దూరం పోవాలన్న సూత్రం అక్కడ నేర్చుకోవాలి.

నాట్కో, బేయర్, 2012 మార్చి 9. హైదరాబాద్ కంపెనీకి 84వ సెక్షన్ కింద దేశంలో మొదటి బలవంతపు లైసెన్స్. సొరాఫెనిబ్ అనే కిడ్నీ, కాలేయ క్యాన్సర్ మందు నెలకు 2,80,428 రూపాయలుండేది. నాట్కో 8,800కు ఇస్తానంది. రాయల్టీ 6 శాతం, తర్వాత 7 శాతం చేశారు. 84లో మూడు కారణాలున్నాయి: జనం అవసరం తీరకపోవడం, అందుబాటు ధరలో లేకపోవడం, ఇక్కడ పని చేయించకపోవడం. పేటెంట్ ఇచ్చి మూడేళ్లు గడవాలి, ముందు పేటెంటుదారును స్వచ్ఛందంగా లైసెన్స్ అడిగి ఉండాలి. ఈ రెండో మెట్టు ఎక్కకుండా నేరుగా దరఖాస్తు వేస్తే నిలవదు.

మూడోది బెడాక్విలిన్. మొండి క్షయకు మందు. అసలు అణువు పేటెంట్ 2023 జూలైలో ముగియాలి. దాని ఫ్యూమరేట్ లవణం మీద ఇంకో పేటెంట్ వస్తే 2027 దాకా సాగేది. 2019లో క్షయ నుంచి కోలుకున్న ఇద్దరు, ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే, 25(1) కింద అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో పేటెంట్ ఆఫీసు ఆ దరఖాస్తును తిరస్కరించింది. 25(1)లో ఉన్న మాట "ఏ వ్యక్తి అయినా". దరఖాస్తు ప్రచురణ అయిన తర్వాత, మంజూరు కాకముందు, ఫామ్ 7ఎ మీద వేయాలి. మంజూరు తర్వాత 25(2) కింద వేయాలంటే ఏడాది గడువు, అప్పుడు "ఆసక్తి ఉన్న వ్యక్తి" అయి ఉండాలి. ఈ తలుపు రైతు సంఘానికి, నేత సహకార సంఘానికి, రోగుల సంఘానికి తెరిచే ఉంది. మన జిల్లాల్లో దాని ఊసే వినబడదు. నేను విద్యార్థులకు మొట్టమొదట ఇదే చెప్పాలని గట్టిగా అనుకుంటాను: పేటెంట్ చట్టం తీసుకోవడానికే కాదు, అక్రమంగా ఇవ్వబోతుంటే ఆపడానికి కూడా.

నిజామాబాద్, జగిత్యాల వైపు పసుపు పండించేవాళ్లకు చెప్పాల్సిన కథ ఇదే. గాయానికి పసుపు పూయడం మీద అమెరికాలో 1995లో 5,401,504 నంబరు పేటెంట్ ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ 32 పాత ఆధారాలు పెట్టి అడిగితే 1997లో రద్దయింది. "మా అవ్వ కూడా పూసేది" అన్న మాట అక్కడ పనికిరాలేదు. అచ్చయిన కాగితం, దాని మీద తేదీ పనికొచ్చాయి. మన వాడుక జ్ఞానం రాతలో లేకపోవడమే అసలు ప్రమాదం, అందుకే 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది.

సుబేదారి_ఎల్‌ఎల్‌బీ

సార్, అన్నలు, చాల థాంక్స్. వీడియోల పైపు విప్పలేదట, గుచ్చుడు మాత్రమే ఉన్నది. మట్టి గీకే పట్టీ గూడ తర్వాత పెట్టిందే.

ఇంక రెండు సందేహాలు. మా దోస్తులు ఇంజనీరింగ్ కాలేజీలల్ల "పేటెంట్ పబ్లిష్డ్" అని సర్టిఫికెట్లు తెస్తున్నరు, ఒక్కోదాంట్ల పదిమంది పేర్లు ఉంటున్నయి. అవి నిజంగ పేటెంట్లేనా? ఇంకోటి, కొత్త మిర్చి రకం చేసిన రైతు పేటెంట్ తీసుకోవచ్చా?

ఐపీ_సెల్_కరీంనగర్

మొదటిది కావు. ఇది స్పష్టంగా చెప్పాల్సిన విషయం.

దరఖాస్తు వేసిన దాదాపు ప్రతిదీ 18 నెలలకు దానంతట అదే ప్రచురణ అవుతుంది. ఫామ్ 9 వేసి వ్యక్తి అయితే 2,500 కడితే ఇంకా ముందే అవుతుంది. పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది, అందులో పేరు పడుతుంది. అప్పటికి ఎగ్జామినర్ ఒక్క లైను కూడా చదివి ఉండడు. పరీక్ష కోరకపోతే 31 నెలలకు ఆ దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే. కాలేజీల మార్కుల కోసం వేసే దరఖాస్తుల్లో చాలావాటికి ఫామ్ 18 వేయనే వేయరు. ప్రచురణ కాగితం గోడకు ఎక్కుతుంది, ఫైలు చస్తుంది. దాంతోపాటు లోపలి విషయం లోకానికి తెలిసిపోయి ఉంటుంది కాబట్టి, అదే పిల్లలు రెండేళ్ల తర్వాత నిజంగా పనికొచ్చే యంత్రం చేసినా వాళ్ల పాత దరఖాస్తే వాళ్లకు అడ్డం పడుతుంది. దాని గురించి ఎవరూ చెప్పరు.

ఇంకో మోసం, డిజైన్ రిజిస్ట్రేషన్‌ను "డిజైన్ పేటెంట్" అని అమ్మడం. డిజైన్ల చట్టం 2000 కింద వచ్చేది ఆకారానికి, కంటికి కనబడే రూపానికి రక్షణ. 10 ఏళ్లు, ఇంకో 5 పొడిగింపు. లోపల యంత్రం ఎలా పని చేస్తుందన్నదాన్ని అది ముట్టుకోదు. తలకింత అని డబ్బు తీసుకొని ఆవిష్కర్తల జాబితాలో పేరు చేర్చే ఏజెన్సీలు కూడా తిరుగుతున్నాయి. ఆవిష్కరణలో చెయ్యి లేనివాడి పేరు ఫామ్ 1లో పెట్టి సంతకం చేస్తే అది అబద్ధపు ప్రకటన. రిజిస్టర్డ్ ఏజెంట్ కాని మనిషి ఏజెంట్‌గా చెలామణి అయితే 123వ సెక్షన్ కింద 5 లక్షల దాకా జరిమానా ఉంది. ఏజెంట్ల జాబితా పేటెంట్ ఆఫీసు సైట్‌లోనే ఉంటుంది, నంబరు అడిగి చూసుకోండి.

సర్టిఫికెట్ చూపిస్తే చేయాల్సింది ఒక్కటే: దరఖాస్తు నంబరు తీసుకొని ఇన్‌పాస్‌లో స్థితి చూడండి. అక్కడ మంజూరు అయినట్టు ఉండి, పేటెంట్ నంబరు ఉంటేనే పేటెంట్. ఇంకా దాఖలులోనే ఉన్న వస్తువు మీద "పేటెంట్ ఉంది" అని ముద్రించి అమ్మితే 120వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. పరకాల ఆయనకు ఈ ముక్క ముందే చెప్పు. దరఖాస్తు వేశాక "పేటెంట్‌కు దరఖాస్తు చేసినది" అని రాసుకోవచ్చు, అంతే.

మన దగ్గరికి అడగడానికి వచ్చేవాటిలో ఎక్కువ శాతం 3వ సెక్షన్ దగ్గరే ఆగుతాయి. జీవామృతంలో ఇంకో ఆకు కలిపితే 3(పి) (సంప్రదాయ జ్ఞానం), 3(ఇ) (ఉత్త మిశ్రమం). పత్తి నడుమ కంది ఎన్ని సాళ్లకు ఒకటి వేయాలన్న పద్ధతి 3(హెచ్). మొబైల్ యాప్ లెక్క మాత్రమే అయితే 3(కె). స్ప్రేయర్‌కు టార్చి లైటు కట్టి, రెండూ దేని పని అది చేసుకుంటుంటే 3(ఎఫ్). వచ్చిన మనిషికి మొదటి రోజే ఈ మాట చెప్పి, ఖర్చు కాకుండా ఆపడం మంచి పేటెంట్ మనిషి చేసే పెద్ద సాయం. యంత్రాలు, పనిముట్లు, నేత పరికరాలు మాత్రం దాటుతాయి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు (నేతకు ముందు దారం చుట్టే పని) యంత్రం అందరికీ తెలిసిందే. ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పే ఆసు పనిని యంత్రానికి ఎక్కించాడు, పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం బతికింది భుజం నొప్పి అనే సమస్యకు భాగాల్లో జవాబు ఉండటం వల్ల.

ఏనుమాముల_మిర్చి

మిర్చి రకం ప్రశ్నకు. పేటెంట్ రాదు, 3(జె) ప్రకారం మొక్కలు, విత్తనాలు, రకాలు పేటెంట్‌కు బయట. దానికి వేరే చట్టమున్నది: మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 2001. రైతు తను చేసిన రకాన్ని రైతు రకంగ రిజిస్టర్ చేసుకోవచ్చు. పంటలకు 15 ఏళ్లు, చెట్లకు, తీగలకు 18 ఏళ్లు రక్షణ. వేరే రకాలతోని తేడా, మొక్కలన్నీ ఒక్క తీరుగ ఉండటం, తరతరానికి మారకపోవడం, ఈ మూడు పరీక్షలు ఉంటయి. రైతులు తప్పేది విత్తనం దగ్గర. మిర్చి పక్క చేను పుప్పొడి పట్టి కలుస్తది. కాయ పట్టే ముందే మొగ్గలకు గుడ్డ సంచులు కట్టి వేరే ఉంచకపోతే, పంపిన విత్తనం నాలుగు రూపాల మొలిచి పరీక్షల పోతది.

అదే చట్టం 39వ సెక్షన్ రైతుకు ఇంకో హక్కు ఇస్తది: రక్షణ ఉన్న రకం అయినా విత్తనం దాచుకోవచ్చు, మళ్ల వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మవచ్చు. బ్రాండ్ పేరు పెట్టి సంచుల అమ్మరాదు, అంతే. పత్తి రైతులు అడిగే బీటీ సంగతి దీనికి పక్కది. అక్కడ తగాదా విత్తనం మీద కాదు, లోపల పెట్టిన జన్యువు మీద ఉన్న పేటెంట్ మీద. మోన్‌శాంటో, నూజివీడు కేసుల ఢిల్లీ హైకోర్టు బెంచ్ 2018ల ఆ పేటెంట్ చెల్లదన్నది, సుప్రీంకోర్టు 2019 జనవరిల దాన్ని పక్కన పెట్టి, సాక్ష్యాలతోని విచారణ జరగాలన్నది. విద్యార్థులు ఈ రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివితే 3(జె) ఎంతవరకు పోతదో అర్థమైతది.

చపాటా మిర్చికి వచ్చింది మూడోది, భౌగోళిక గుర్తింపు. 2025ల వచ్చింది. అది ఒక మనిషి సొత్తు కాదు, ఆ ప్రాంతం రైతులందరిది. పదేళ్లకోసారి రెన్యువల్ చేస్తూ పోవచ్చు. కాని గుర్తింపు వచ్చినంత మాత్రాన మార్కెట్ల ఆ పేరు వాడుకునే హక్కు రైతుకు దానంతటది రాదు, అధీకృత వినియోగదారుగ పేరు ఎక్కించుకోవాలె. వరంగల్ దర్రీలు నేసెటోళ్లకు గూడ ఇదే వరుస. ఆ ఫామ్‌లు నింపిచ్చే మనిషి లేక ఆగుతున్నరు. తమ్మీ, నువ్వు చదువు అయిపోయేదాక ఆగకుండ ఇది మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

డ్రాఫ్టింగ్_డెస్క్

గీకే పట్టీ వీడియో తర్వాత పెట్టిందే అంటే, పని దానిమీద నడవనియ్యి. తొందర పడి ప్రొవిజనల్ (పూర్తి వివరం తర్వాత ఇచ్చే మొదటి దరఖాస్తు) వేస్తే సరిపోతదని ఎవరన్న అంటే ఒక్కటి గుర్తుంచుకో. ప్రొవిజనల్‌ల ఏది రాస్తే దానికే ఆ తేదీ దొరుకుతది. రెండు లైన్లు, ఒక ఫోటో పెట్టి, 12 నెలలకు పూర్తి స్పెసిఫికేషన్‌ల స్ప్రింగు, పట్టీ వివరం చేరిస్తే, ఆ చేర్చినదానికి పాత తేదీ రాదు. 12 నెలలు దాటి పూర్తిది వేయకపోతే మొత్తం పోతది. కాబట్టి ప్రొవిజనల్ అయినా పట్టీ ఎట్ల కదులుతదో మూడు బొమ్మలు గీయాలె: పైకెత్తినప్పుడు, నేలకు తగిలినప్పుడు, మళ్ల పైకి వచ్చినప్పుడు. స్ప్రింగు బదులు బరువు కట్టినా నడుస్తదంటే అది గూడ రాయాలె.

దాఖలు అయ్యేదాక ఆయన్ని కొత్త పట్టీతోని వీడియో తీయొద్దను, కిసాన్ మేళాల పెట్టొద్దను, పక్క షెడ్డోళ్లకు కొలతలు ఇయ్యొద్దను. అమ్మడం కూడ ఆపాలె, అమ్మితే బయటపెట్టినట్టే. ఎవరికన్న చూపియ్యక తప్పకపోతే, రహస్యంగ ఉంచుతమని కాగితం మీద సంతకం తీసుకోవాలె. మంజూరైనంక, దాఖలు తేదీ నుంచి లెక్కబెట్టి మూడో ఏడు నుంచి ఏటేటా ఫీజు ఉంటది: మూడు నుంచి ఆరు దాక ఏడాదికి 800, ఏడు నుంచి పది దాక 2,400, పదకొండు నుంచి పదిహేను దాక 4,800, ఆఖరి అయిదేళ్లు 8,000. వ్యక్తికి ఇరవై ఏళ్లకు కలిపి 76,800. ఒక్క ఏడు మర్చిపోయి, ఆరు నెలల అదనపు గడువు గూడ దాటితే పేటెంట్ ఆగిపోతది. పరికరం అమ్ముడు పోకపోతే ఏడో ఏట ఆపేసుకోవచ్చు, తప్పేం లేదు.

ఎవరన్న నకలు చేస్తే పోలీస్ స్టేషన్‌కు పోవద్దని ముందే చెప్పు. పేటెంట్ ఉల్లంఘన నేరం కాదు, సివిల్ దావా వేయాలె. అవతలివాడు "ఈ పేటెంట్ చెల్లదు" అని ఎదురు వేస్తే కేసు హైకోర్టుకు పోతది. అప్పుడు చూసేది వీడియో తేదీ, దాఖలు తేదీ, క్లెయిమ్‌ల "గీకుడు పలక" అన్న మాట.

ఈ వారం ఆయన దగ్గరికి పో. పైపు విప్పించి, ప్రతి భాగానికి ఆయన నోటితో ఏమంటడో ఆ పేరే రాసుకొని, ఎదురుంగ నంబరు వెయ్యి. ఆ కాగితం ఇక్కడ పెట్టకు, బయటపడ్డట్టయితది.

సుబేదారి_ఎల్‌ఎల్‌బీ

సరే అన్నా. ఆదివారం పోతున్న, కొలతలు గూడ తీసుకొస్త. వీడియో రాత పని ఇయ్యాల్టి నుంచే మొదలుపెట్టిన: 4 నిమిషాల 10 సెకన్లది, ముక్కు కింది భాగం రెండుసార్లు కనబడ్డది, రెండుసార్లూ మట్టిల మునిగే ఉన్నది.